దవడ కీలు పట్టేసినప్పుడు: సూదితో కడగడం ఎవరికి, ఎప్పుడు?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో దవడ కీలు నొప్పిని గురించినవే ఎక్కువ కావడంతో శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము. పెద్ద కోత లేకుండా సూదులతోను, సన్నని కెమెరా గొట్టంతోను చేసే చికిత్సలను గురించి పలువురు అడిగారు. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి ప్రచురిస్తున్నాము. జవాబులు రాసినవారు నోటి, ముఖ శస్త్రచికిత్స నిపుణులు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నా వయసు 31. జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలిని. నాలుగైదేళ్లుగా నోరు తెరిచినప్పుడల్లా కుడి చెవి ముందు టక్కుమని చప్పుడు వచ్చేది గాని నొప్పి ఉండేది కాదు. రెండు నెలల క్రితం ఒక ఉదయం నిద్ర లేచేసరికి చప్పుడు ఆగిపోయి, నోరు రెండు వేళ్లు పట్టేంత మాత్రమే తెరుచుకుంది. అప్పటినుంచి అదే పరిస్థితి. బలవంతంగా తెరిస్తే కుడి చెవి ముందు విపరీతమైన నొప్పి, గడ్డం కూడా కుడివైపుకే పోతోంది. కీలులోని డిస్క్ ముందుకు జారిందని, తిరిగి స్థానానికి రావడం లేదని ఎమ్మారై రిపోర్టులో రాశారు. ఇంతవరకు నొప్పి మాత్రలు తప్ప వేరే వైద్యం జరగలేదు. ఇప్పుడు ఆర్థ్రోసెంటెసిస్ చేస్తే సరిపోతుందంటున్నారు. అది ఆపరేషనేనా? దానివల్ల డిస్క్ తన చోటికి వస్తుందా? చేయించుకోకపోతే ఏమవుతుంది?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చప్పుడు ఆగిపోవడం, అదే రోజున నోరు పట్టేయడం, గడ్డం నొప్పి ఉన్న వైపుకే పోవడం అనే మూడు సంగతులనూ మీరు వరుసగా రాశారు. ఎమ్మారై లేకపోయినా వీటిని బట్టి మీ జబ్బును చాలావరకు పోల్చుకోవచ్చు.

కింది దవడ ఎముక కొస చెవికి సరిగ్గా ముందు గుండ్రని తలలాగా పైకి లేచి, కణత ఎముకలో ఉన్న గుంటలో కూర్చుంటుంది. ఆ రెండింటికీ మధ్య పీచు పదార్థంతో తయారైన పలుచని డిస్క్ ఉండి, కీలును పై అర, కింది అర అని రెండుగా చేస్తుంది. నోరు తెరవడం మొదలైనప్పుడు ఎముక తల కింది అరలో తన చోటనే తిరుగుతుంది. దానితో వచ్చే జాగా దాదాపు 20 నుంచి 25 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ తరువాత డిస్కుతో సహా ఎముక తల ముందుకు జారితేనే నోరు 40 మిల్లీమీటర్ల వరకు, అంటే మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టేంత వరకు తెరుచుకుంటుంది. మీ డిస్క్ ఏళ్ల క్రితమే కొంత ముందుకు జరిగి ఉంటుంది. అయినా నోరు తెరిచిన ప్రతిసారీ అది ఎముక తల మీదికి తిరిగి ఎక్కేది కనుక మీకు టక్కుమని వినిపించేది. ఇప్పుడు అది ఎక్కడం మానేసి ఎముక దారికి అడ్డంగా నిలిచిపోయింది. ఎడమ కీలు ముందుకు జారుతుండగా కుడి కీలు కదలకపోవడం వల్ల గడ్డం కుడివైపుకు తిరుగుతోంది.

ఇటువంటి డిస్కును కీలు కోసి వెనక్కి లాగి కుట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్ అనే సర్జను ఆ పని చేసినట్లు 1887లోనే రాశారు. డిస్క్ స్థానం తప్పింది కాబట్టి దానిని స్థానంలో పెట్టడమే వైద్యమన్న భావన ఆ తరువాత చాలాకాలం నిలిచింది. అయితే 1980ల నాటికి కీలులోకి సన్న కెమెరా పంపి చూడడం అలవాటైన సర్జన్లు ఒక విచిత్రాన్ని గమనించారు. డిస్కును ముట్టుకోకుండా, కేవలం అతుకులు విడదీసి ద్రవంతో కడిగి బయటికి వచ్చినా చాలామందికి నోరు తెరుచుకుంటోంది, నొప్పి తగ్గుతోంది. తరువాత ఎమ్మారై తీస్తే డిస్క్ పాత చోటనే ఉంటోంది. కడగడమే మేలు చేస్తున్నప్పుడు కెమెరా మాత్రం ఎందుకన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. జపానులో మురకామి బృందం 1987లో కీలులోకి ద్రవాన్ని ఒత్తిడితో పంపి దవడను కదిలించే పద్ధతిని వివరించగా, జెరూసలేముకు చెందిన డోరిట్ నిట్జాన్, అమెరికాకు చెందిన డాల్విక్, మార్టినెజ్‌లు 1991లో రెండు సూదుల పద్ధతిని ప్రకటించారు. మీకు చెప్పిన ఆర్థ్రోసెంటెసిస్ అదే.

దానిని శస్త్రచికిత్స అనే అనాలి గాని, కోత, కుట్లు ఉండవు. చెవి ముందున్న చిన్న బొడిపె నుంచి కంటి బయటి కొస వరకు చర్మం మీద ఒక గీత గీస్తారు. చెవి బొడిపెకు 10 మిల్లీమీటర్లు ముందు, గీతకు 2 మిల్లీమీటర్లు కింద ఒక చుక్క. 20 మిల్లీమీటర్లు ముందు, 10 మిల్లీమీటర్లు కింద రెండో చుక్క పెడతారు. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, మొదటి చుక్క దగ్గర సూదిని కీలు పై అరలోకి దించి, సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ ఎక్కిస్తారు. అర ఉబ్బిన తరువాత రెండో సూది దించితే ద్రవం ఒకదానిలో నుంచి వెళ్లి రెండోదానిలో నుంచి బయటికి వస్తుంది. ఈ విధంగా సాధారణంగా 100 నుంచి 300 మిల్లీలీటర్ల వరకు పంపుతూ, మధ్యమధ్య దవడను చేత్తో ముందుకు, పక్కలకు కదిలిస్తారు. అంతా ముగియడానికి అరగంట అటూ ఇటూ పడుతుంది. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

దీనివల్ల లోపల ఏమి జరుగుతుందంటే, తడిసిన రెండు గాజు పలకలు ఒకదానికొకటి పట్టుకున్నట్లు గుంటకు అతుక్కుపోయిన డిస్క్ ద్రవం ఒత్తిడికి విడివడుతుంది, వాపును, నొప్పిని పెంచే రసాయనాలు కొట్టుకుపోతాయి. కనుక మీ రెండో ప్రశ్నకు నిక్కచ్చి జవాబు ఇది: చాలామందిలో డిస్క్ తన చోటికి రాదు, రావలసిన అవసరమూ లేదు. ఎముక తలతో పాటు అది కదలగలిగితే చాలు. డిస్కుకు వెనుక ఉన్న మెత్తని కణజాలం కూడా కాలక్రమేణా గట్టిపడి, దాదాపు డిస్క్ చేసే పనే చేస్తుంది.

మూడో ప్రశ్నకు జవాబు కొంచెం ఓపికగా చదవండి. సూదితో కడిగినవారిలో 70 నుంచి 90 శాతం మందికి మేలు జరిగినట్లు అనేక నివేదికలు ఉన్నాయి. అయితే వీటిలో చాలావాటిలో, కడగకుండా ఊరుకున్నవారు ఎంతమంది బాగుపడి ఉండేవారో పోల్చి చూడలేదు. పోల్చి చూసిన వాటిలో ముఖ్యమైనది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 2007లో ప్రచురించిన అధ్యయనం. మీలాగే కీలు పట్టేసిన 106 మందిని చీటీ వేసినట్లుగా నాలుగు జట్లు చేసి, ఒక జట్టుకు మందులు, సలహాలు, రెండోదానికి వాటితోపాటు స్ప్లింటు (పళ్ల మీద పెట్టుకునే తొడుగు), వ్యాయామాలు, మూడోదానికి కెమెరాతో చికిత్స, నాలుగోదానికి కీలు తెరిచి ఆపరేషను చేసి ఐదేళ్లు గమనించారు. నాలుగు జట్లూ బాగుపడ్డాయి. వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో రెండు సూదుల పద్ధతి లేదన్న మాట నిజమే. అయినా మొదట కోతా సూదీ లేని వైద్యం చేయాలన్న పాఠం అందులో స్పష్టంగా ఉంది.

మీకు ఆ మొదటి వైద్యమే జరగలేదు. రెండు నెలలు మింగిన నొప్పి మాత్రలు వైద్యంలో ఒక ముక్క మాత్రమే. దవడ వ్యాయామాలు తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు క్రమం తప్పకుండా చేయించుకోండి. మెత్తని ఆహారం తీసుకోండి, తరగతిలో మైకు వాడండి. వారానికొకసారి, ముందు పళ్ల మధ్య నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలుతో కొలిచి రాసి పెట్టుకోండి. కొలత పెరుగుతుంటే సూది అవసరం రాకపోవచ్చు. ఆరు వారాలకూ కొలత కదలక, నొప్పి తగ్గక పోతే సందేహించకుండా కడిగించుకోండి. అప్పుడు దానిని ఏళ్ల తరబడి వాయిదా వేయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే పట్టేసి ఎక్కువ కాలం కాని కీళ్లలో ఫలితం బాగుంటుంది. మొదటి రోజే కడగాలని వాదించే సర్జన్లూ ఉన్నారు. వారి వాదనలో బలం లేకపోలేదు గాని, మీ ఉత్తరాన్ని బట్టి నేను అంత తొందర పడను.

కడిగించుకుంటే ఆ రోజు చెంప ఉబ్బుతుంది, మత్తు ప్రభావం వల్ల కొన్ని గంటలు కనురెప్ప సరిగా మూతపడకపోవచ్చు, ఒకటి రెండు రోజులు ఆ వైపు పళ్లు కలవనట్లు అనిపిస్తుంది. ఇవన్నీ వాటంతట అవే పోతాయి. జ్వరం, రోజురోజుకూ పెరిగే వాపు, చెవి వినిపించకపోవడం, మరునాటికి కూడా ముఖం ఒకవైపు కదలకపోవడం మాత్రం అరుదైనవే అయినా వెంటనే చూపించవలసినవి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, మధుమేహం ఉన్నా ముందే చెప్పాలి. నోరు తెరిచే వ్యాయామం అదే రోజు మొదలవుతుంది. అది చేయనివారికి కడగడం వల్ల వచ్చిన లాభం నిలవదు.

ప్రశ్న: నా వయసు 22. ఆవులించినా, జామకాయ కొరికినా రెండు వైపులా దవడ చప్పుడవుతుంది. నొప్పి లేదు, నోరు బాగానే తెరుచుకుంటుంది. ముందు జాగ్రత్తగా ఎమ్మారై తీయించి కీలు కడిగించుకోమని స్నేహితుడు అంటున్నాడు.
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: వద్దు. నొప్పి లేకుండా, నోరు పట్టేయకుండా వచ్చే చప్పుడుకు ఏ చికిత్సా అక్కరలేదు. అటువంటి చప్పుడు ఉన్నవారిలో అత్యధికులకు అది ఎన్నటికీ కీలు పట్టేసే దాకా పోదు. ఏ బాధా లేనివారికి ఎమ్మారై తీసినా సుమారు మూడోవంతు మందిలో డిస్క్ కొంత పక్కకు జరిగి కనిపిస్తుంది కనుక, ఆ రిపోర్టు మీకు భయాన్ని తప్ప మరి దేనినీ ఇవ్వదు. చప్పుడు వస్తోందా లేదా అని పదేపదే దవడను ఆడించి చూసుకోవడం మాత్రం మానండి. నోరు ఎప్పుడైనా మధ్యలో పట్టేసినట్లయితే అప్పుడు చూపించుకోండి.

ప్రశ్న: నా వయసు 38. ఏడాదిగా రెండు దవడలూ, కణతలూ నొప్పి. ఉదయం లేచేసరికి చెంపలు బిగుసుకుని ఉంటాయి. రాత్రి పళ్లు నూరుతున్నానని మావారు అంటారు. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటుంది, చప్పుడు లేదు. ఒక క్లినిక్‌లో రెండు కీళ్లూ కడిగి, చెంపలకు బొటాక్స్ ఇంజెక్షన్లు ఇచ్చి, పళ్లు సరిగా కలవడం లేదు కాబట్టి కొన్నింటిని అరగదీస్తామన్నారు. మూడూ కలిపి చేయించుకుంటే తగ్గింపు ఉందట.
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన లక్షణాలు కీలువి కావు, నమిలే కండరాలవి. పళ్లు గట్టిగా బిగించి చెంప మీద వేళ్లు పెడితే ఉబ్బే కండరాన్ని, కణత మీద కదిలే కండరాన్ని వేలితో ఒత్తి చూడండి. మీకు రోజూ వచ్చే నొప్పే అక్కడ పుడుతుంటే మూలం కండరమే. దవడ నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమంది మీ వంటివారే. 2014లో అంతర్జాతీయంగా ప్రకటించిన రోగ నిర్ధారణ సూత్రాలు కండరపు నొప్పిని, కీలు నొప్పిని, డిస్క్ జారడాన్ని వేరువేరుగా గుర్తించమంటాయి. చికిత్స మొత్తం ఆ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది. కండరం నొప్పెడుతున్నప్పుడు కీలును కడిగి ప్రయోజనం ఏమిటో నాకు బోధపడదు.

మూడు నెలలకు మించిన దవడ నొప్పికి సంబంధించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023 డిసెంబరులో మార్గదర్శకాలను ప్రచురించింది. అవి గట్టిగా సమర్థించినవి ఏమిటంటే, శిక్షణ పొందిన వ్యక్తి చేత్తో చేసే దవడ, మెడ చికిత్స, పర్యవేక్షణలో చేసే వ్యాయామాలు, ఇంటి దగ్గర సాగదీసే వ్యాయామాలు, నొప్పిపట్ల ఆలోచనను, అలవాట్లను మార్చే మానసిక చికిత్స. బొటాక్స్‌ను, కీలులో వేసే ఇంజెక్షన్లను, సూదితో కడగడాన్ని, చివరకు రాత్రి పళ్లకు తొడిగి పొద్దున తీసివేసే నైట్‌గార్డును కూడా షరతులతో వద్దన్నాయి. పళ్ల కలయికను శాశ్వతంగా మార్చే స్ప్లింటులను, డిస్కును తీసివేసే ఆపరేషనును గట్టిగా వద్దన్నాయి. నోరు పట్టేసిన కీలును, కండరపు నొప్పిని ఒకే గాట కట్టారని మా సర్జన్లలో కొందరికి ఆ మార్గదర్శకాల మీద అభ్యంతరం ఉంది. ఖమ్మం పాఠకురాలి వంటివారి విషయంలో ఆ అభ్యంతరం సరైనదేనని నేనూ అనుకుంటాను. మీ విషయంలో మాత్రం వాటిని తోసిపుచ్చడానికి ఏ కారణమూ లేదు.

బొటాక్స్ కండరాన్ని మూడు నాలుగు నెలలు బలహీనపరుస్తుంది. దానితో కొందరికి నొప్పి తగ్గినట్లే అనిపించినా, సెలైన్ ఇంజెక్షనుతో పోల్చిన అధ్యయనాలలో ఫలితాలు నిలకడగా లేవు. మళ్లీమళ్లీ తీసుకుంటే నమిలే శక్తి తగ్గడమే కాక, ఒత్తిడి లేని దవడ ఎముక పలుచబడుతుందేమోనన్న అనుమానం జంతువులలో జరిగిన పరిశోధనల నుంచి బలపడింది. ఇక పళ్లు అరగదీయడం: సెయింట్ లూయిస్‌కు చెందిన జేమ్స్ కోస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు 1934లో చెవి పోటునూ దవడ నొప్పినీ పళ్ల కలయికలోని లోపానికి ముడిపెట్టిన నాటినుంచి ఆ ఆలోచన దంత వైద్యులను వదలలేదు. పంటిమీది పింగాణీ పొర ఒకసారి పోతే తిరిగి రాదు, నొప్పి ఉండనే ఉంటుంది. తగ్గింపు ఎంత ఇచ్చినా ఒప్పుకోకండి.

చేయవలసింది ఇది. మాట్లాడనప్పుడు, నమలనప్పుడు పెదవులు కలిసి ఉండాలి, పై పళ్లు కింది పళ్లను తాకకూడదు, నాలుక కొస పైపళ్ల వెనుక అంగిటికి ఆని ఉండాలి. పగలు ఎన్నిసార్లు పళ్లు బిగిస్తున్నారో గమనించడం మొదలుపెడితే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. వేడి నీళ్లలో పిండిన గుడ్డను రోజుకు రెండుసార్లు, 15 నిమిషాల చొప్పున చెంపల మీద వేసుకోండి. కొన్నాళ్లు సకినాలు, జంతికలు, చెరకు ముక్కలు, సోంపు నములుతూ కూర్చోవడం మానండి. పళ్లు అరుగుతున్నట్లయితే రాత్రికి మాత్రమే గట్టి నైట్‌గార్డు పెట్టుకోవచ్చు. అది పళ్లను కాపాడుతుందన్న ఉద్దేశంతోనే గాని, నొప్పిని మాన్పుతుందన్న ఆశతో కాదు. మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్‌ను నెలల తరబడి వాడితే దవడకంటే ముందు కడుపూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. మూడు వారాలుగా అన్నం నమలగానే దవడ నొప్పి, ఆపితే తగ్గుతుంది. కుడి కణత తాకనివ్వడం లేదు, దువ్వెన పెట్టినా నొప్పే. మొన్న కాసేపు కుడి కన్ను మసకబారిందన్నారు. దవడ కీలు కడిగిస్తే మంచిదా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఈ ఉత్తరానికి పత్రికలో కాకుండా ముందే లేఖ ద్వారా జవాబు పంపాము, ఇతరులకు తెలియడం కోసం ఇక్కడ ముద్రిస్తున్నాము. ఇది కీలు జబ్బు కాకపోవచ్చు. 50 ఏళ్లు దాటినవారిలో కణత రక్తనాళం వాచినప్పుడు నమిలే కండరానికి రక్తం చాలక ఇటువంటి నొప్పి వస్తుంది. అదే వాపు కంటి రక్తనాళానికి పాకితే చూపు శాశ్వతంగా పోతుంది. అదే రోజు ఫిజీషియన్‌కు చూపించి ఈఎస్ఆర్, సీఆర్పీ రక్త పరీక్షలు చేయించాలి. అనుమానం బలంగా ఉంటే మిగతా పరీక్షల కోసం ఆగకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు. అలాగే నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పి, అందులోనూ చెమటలు, ఆయాసం తోడైతే, అది గుండెది కావచ్చు. దంత వైద్యుడి దగ్గరికి కాక నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు, లారీ డ్రైవరు. ఏడేళ్లుగా గుట్కా, వక్కపొడి నములుతాడు. ఏడాదిగా నోరు కొద్దికొద్దిగా మూసుకుపోయి ఇప్పుడు ఒక వేలు మాత్రమే పడుతోంది. కారం తింటే నోరంతా మంట. దవడ కీలు పట్టేసిందని ఊళ్లో ఆర్‌ఎంపీ గారు చెప్పారు. కడిగితే తెరుచుకుంటుందా?
— ఒక సోదరి, మహబూబ్‌నగర్

జవాబు: తెరుచుకోదమ్మా. మీరు చెప్పిన మంట, ఒక్క రోజులో కాక నెలల మీద నోరు మూసుకుపోవడం, వక్క నమిలే అలవాటు కలిస్తే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌ను గుర్తుకు తెస్తాయి. ఇందులో కీలు బాగానే ఉంటుంది. చెంపల లోపలి పొర తెల్లబడి, నారలు కట్టి గట్టిపడి నోటిని తెరవనివ్వదు. చెంప లోపల వేలు పెట్టి తడిమితే తాళ్లలాగా తగులుతుంది. పొగాకు లేని వక్కపొడి కూడా దీనికి కారణమే. ఇది కాలక్రమేణా క్యాన్సరుగా మారే అవకాశం ఉన్న జబ్బు కనుక మొదట అలవాటు మానాలి, రెండోది నోరంతా నిపుణుడి చేత పరీక్ష చేయించాలి, మానని పుండు ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపాలి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకువెళ్లండి. జబ్బు తీవ్రతను బట్టి వ్యాయామాలు, చెంపలో ఇంజెక్షన్లు, నారలు కోసే ఆపరేషను చేస్తారు. అలవాటు మానకుండా ఏది చేసినా నోరు మళ్లీ మూసుకుంటుంది.

ప్రశ్న: కీలు కడిగిన తరువాత పీఆర్‌పీ వేస్తే అరిగిన మృదులాస్థి మళ్లీ పెరుగుతుందని ఒక ప్రకటనలో చూశాను. నిజమేనా? హైలురోనిక్ యాసిడ్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో ఏది మేలు?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మనిషి దవడ కీలులో మృదులాస్థి తిరిగి పెరిగిందని పీఆర్‌పీ విషయంలో రుజువు కాలేదు. మన రక్తాన్నే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులో వేయడమే పీఆర్‌పీ. హైలురోనిక్ యాసిడ్ కీలులో సహజంగా ఉండే జిగురు ద్రవానికి సంబంధించినది. కడగడం ఒక్కటే చేసినదానికంటే వీటిని కలిపితే నొప్పి కొంత ఎక్కువ తగ్గిందని చెప్పే అధ్యయనాలూ, తేడా లేదని చెప్పే అధ్యయనాలూ రెండూ ఉన్నాయి. నొప్పి ఉన్న కీలులో, కడిగే సందర్భంలోనే ఒకసారి వేస్తే తప్పు పట్టను. స్టెరాయిడ్ వాపును త్వరగా తగ్గిస్తుంది గాని, ఒకే కీలులో మళ్లీమళ్లీ వేస్తే మృదులాస్థిని, ఎముకను దెబ్బతీస్తుంది. ఎదిగే వయసు పిల్లల్లో మరింత జాగ్రత్త అవసరం. ప్రకటన చూసి కాక, కీలు ఏ దశలో ఉందో చూసి నిర్ణయించవలసిన విషయమిది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. నాకు 42 ఏళ్లు. ఎడమ కీలును రెండుసార్లు సూదితో కడిగారు. నాలుగు నెలలు బాగుండి మళ్లీ పట్టేసింది. ఇప్పుడు ఆర్థ్రోస్కోపీ, అంటే కీలులోకి సన్న కెమెరా పంపి చేసే చికిత్స, అంటున్నారు. సెలవులకు రెండు వారాలు విజయవాడ వస్తున్నాము, అక్కడ చేయించుకుంటే ఖర్చు కలిసివస్తుందని ఆలోచన. నేరుగా కృత్రిమ కీలు పెట్టించుకుంటే ఒకేసారి పోతుందని మా శ్రీవారు అంటారు.
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: రెండుసార్లు కడిగినా మళ్లీ పట్టేసిందంటే లోపల అతుకులు గట్టిపడి ఉండవచ్చు, వాటిని చూడకుండా మూడోసారి కడగడంలో అర్థం లేదు. కనుక మీ వైద్యులు చెప్పిన మెట్టు సరైనదే. జపానుకు చెందిన ఓనిషి 1970లో మొదటిసారిగా దవడ కీలులోకి కెమెరా పంపారు. నేడు వాడే గొట్టం దాదాపు రెండు మిల్లీమీటర్ల మందం. పూర్తి మత్తు ఇచ్చి, చెవి ముందు రెండు చిన్న గాట్లలో నుంచి కెమెరాను, పరికరాన్ని పంపుతారు. కీలు లోపలి పొర ఎంత ఎర్రబడిందో, డిస్కుకు చిల్లు పడిందో లేదో కంటితో చూసి అతుకులను కోసి, కడిగి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. డిస్కును కెమెరాలోనే వెనక్కి లాగి కుట్టే నేర్పరులూ ఉన్నారు గాని, కడగడం, అతుకులు విడదీయడం కంటే దానివల్ల అందరికీ అదనపు లాభం ఉందని నేను నమ్మను.

ఇండియాలో చేయించుకోవడం తప్పేమీ కాదు, రెండు వారాలలో ముగించాలనుకోవడమే తప్పు. చికిత్స తరువాత మొదటి ఆరు వారాల వ్యాయామాలే అతుకులు మళ్లీ కట్టకుండా చూస్తాయి. ఆ వ్యాయామాలు చూసే మనిషీ, చికిత్స చేసిన సర్జనూ ఒకే ఊళ్లో ఉండాలి. మీ ఎమ్మారై, పాత రిపోర్టులు తెచ్చుకుని ఇక్కడ రెండో అభిప్రాయం తీసుకోవడం మాత్రం మంచిదే.

మీవారికి చెప్పవలసిన సంగతి ఒకటుంది. 1980లలో అమెరికాలో దెబ్బతిన్న డిస్కు స్థానంలో ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే పదార్థపు ముక్కలు వేలమందికి పెట్టారు. అవి నమిలే ఒత్తిడికి చితికి, ఆ రేణువుల చుట్టూ పుట్టిన వాపు ఎముకనే తినివేసింది. కొందరిలో పుర్రె అడుగు భాగానికీ చిల్లు పడింది. 1990 చివరలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఇప్పటి లోహపు కృత్రిమ కీళ్లు అవి కావు, చాలా మెరుగైనవి. అయినా ఎముక పూర్తిగా అరిగిపోయినవారికి, అతుక్కుపోయినవారికి, ముందు జరిగిన ఆపరేషన్లు విఫలమైనవారికి మాత్రమే అవి తగినవి. మీ కీలు ఇంకా ఆ దశకు రాలేదని మీ ఉత్తరం చెబుతోంది.

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు. ఆవులించినప్పుడల్లా దవడ జారి నోరు తెరిచినట్లే ఉండిపోతుంది. నెలలో రెండు మూడుసార్లు ఆస్పత్రికి పరుగెత్తుతున్నాము. ఆపరేషనుకు వయసు అడ్డమంటున్నారు.
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇది పై ఉత్తరాలకు పూర్తిగా తలకిందులైన ఇబ్బంది: కీలు ముందుకు మరీ ఎక్కువగా జారి వెనక్కి రాలేకపోతోంది. దీనికీ సూదితో వైద్యం ఉంది. చేతి నరం నుంచి ఆమె రక్తాన్నే కొద్ది మిల్లీలీటర్లు తీసి, కీలు పై అరలోను, కీలు చుట్టూను వేసి, తల చుట్టూ కట్టు కట్టి కొన్ని రోజులు నోరు ఎక్కువ తెరవకుండా చూస్తారు. ఆ రక్తం గడ్డకట్టి, నార కట్టి కీలును బిగుతు చేస్తుంది. ఒక్కోసారి మళ్లీ వేయవలసి వస్తుంది. ఆ వయసువారికి పూర్తి మత్తు అవసరం లేని ఈ పద్ధతిని మొదట ప్రయత్నించడమే నా అభిప్రాయం. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కండరాలను బిగించి దవడను జార్చగలవు. ఆమె వాడే మందుల చీటీ వైద్యుడికి చూపించండి. ఆవులింత వచ్చేటప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించుకోవడం నేర్పండి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. నాలుగేళ్ల వయసులో మెట్ల మీద నుంచి పడి గడ్డం చిట్లింది, కుట్లు వేశారు. తరువాత నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోయి ఇప్పుడు చిటికెన వేలు కూడా పట్టడం లేదు. నొప్పి లేదు. గడ్డం చిన్నదిగా, ఒకవైపుకు ఉంది. కోత లేకుండా సూదితో సరిచేయగలరా?
— ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: చేయలేరు. గడ్డం మీద పడినప్పుడు ఆ దెబ్బ నేరుగా కీలుకు చేరుతుంది. లోపల రక్తం గడ్డకట్టి, నెలల మీద ఎముకగా మారి, దవడ తలను పుర్రెకు అతికించివేస్తుంది. నొప్పి లేకపోవడం, దవడ ఎదుగుదల ఆగిపోవడం దానికే గుర్తులు. ఎముక అతుక్కున్న చోట సూది దూరడానికి సందే ఉండదు. సీటీ స్కాన్ తీయించి, అతుకు ఎంత పెద్దదో చూసి, ఆ ఎముకను తొలగించి ఖాళీ చేసే ఆపరేషను చేయాలి. పిల్లల వయసును బట్టి పక్కటెముక ముక్కను అక్కడ పెట్టడమూ ఉంటుంది. నోరు తెరుచుకోని పిల్లలకు మత్తు ఇవ్వడం ప్రత్యేక నైపుణ్యం కావలసిన పని కాబట్టి, సన్న కెమెరా సాయంతో ముక్కులో నుంచి శ్వాసగొట్టం వేయగల మత్తు వైద్యులు ఉన్న పెద్ద ఆస్పత్రిలోనే చేయించండి. మీకు విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల అందుబాటులో ఉంటుంది, అక్కడి ముఖ శస్త్రచికిత్స విభాగంలో మొదట చూపించవచ్చు. ఆపరేషను తరువాత నెలల తరబడి, పాప ఏడ్చినా సరే, రోజుకు చాలాసార్లు నోరు తెరిపించే వ్యాయామం మీ చేత చేయిస్తారు. ఆపరేషను అయ్యేవరకు పాపకు పడుకున్నప్పుడు గురక, ఊపిరి ఆగినట్లు కావడం ఉన్నాయేమో గమనించి, ఉంటే ఆ సంగతి మొదటి రోజే వైద్యులతో చెప్పండి.